సెల్లార్‌లోకి కారు దించే బాబుకు

బాబూ,

శనివారం అర్ధరాత్రి దాటాక నీ కారు హారన్ వినిపిస్తే నాకు ముందు గుర్తొచ్చేది వాచ్‌మన్ కూతురు. గదిలో ఉక్కపోత భరించలేక ఆ పిల్ల సెల్లార్‌లో, ర్యాంపు దిగగానే ఉన్న స్తంభం పక్కన చాప వేసుకుని పడుకుంటుంది. పోయిన వారం నీ బంపర్ గీసుకుపోయింది ఆ స్తంభాన్నే. పొద్దున్నే దిగి చూశాను. ఆ గీతకూ చాపకూ మధ్య రెండు జానల దూరం.

అడిగితే, "రెండు పెగ్గులే ఆంటీ, నాకు కంట్రోల్ ఉంటుంది" అన్నావు. మెయిన్ రోడ్డు మీద పోలీసులు ఊదిస్తుంటే గల్లీల్లోంచి వచ్చేస్తానన్నావు. దొరికినా పదివేలు పడేస్తే సరిపోతుందన్నావు.

సరిపోదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద కేసు పెడతారు. 2019 సవరణ తర్వాత మొదటిసారికి రూ.10,000 జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే రూ.15,000, లేదా 2 ఏళ్ల దాకా జైలు, లేదా రెండూ. చలానా కట్టి ఇంటికొచ్చే వ్యవహారం కాదు. తాగనివాళ్లు వచ్చి తీసుకెళ్లకపోతే బండి పోలీసుల దగ్గరే ఉంటుంది. గోషామహల్‌లోని ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్‌కు ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాలి. మీ నాన్నగారిని తీసుకెళ్తావా? ఆ తర్వాత కోర్టులో మేజిస్ట్రేటు ముందు నిలబడాలి. లైసెన్సు సస్పెండ్ కావచ్చు. సరైన కారణం లేకుండా ఊదనని మొండికేస్తే, ఆ మొండితనమే నీ మీద సాక్ష్యానికి బలమవుతుంది. ఊదించకపోయినా, తాగి నడిపావని వేరే ఆధారాలతో తేలితే నీ కారు నష్టానికి ఇన్సూరెన్స్ ఇవ్వక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇదంతా ఎవరికీ ఏమీ కానంతవరకే.

ప్రాణం పోతే రెండు దారులున్నాయి. నిర్లక్ష్యం అనుకుంటే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, 5 ఏళ్ల దాకా శిక్ష. చావుకు దారి తీయవచ్చని తెలిసీ చేశావని తేలితే హత్య కాని ప్రాణహరణంగా 105వ సెక్షన్, 10 ఏళ్ల దాకా. రెంటికీ తేడా ఆ "తెలిసీ" అన్న మాటలోనే ఉంది. 2006లో ముంబయి కార్టర్ రోడ్డులో తాగి నడిపిన ఒక యువకుడి కారు, పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న కూలీల మీదికెక్కింది. ఏడుగురు చనిపోయారు. ఎవరినీ చంపాలనుకోలేదన్నది నిజమే కావచ్చు. కానీ ప్రమాదమని తెలిసే నడిపాడని భావించి, హత్య కాని ప్రాణహరణం కింద వేసిన మూడేళ్ల శిక్షను 2012లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. వాళ్లూ పగలంతా పనిచేసి పడుకున్నవాళ్లే, మన సెల్లార్‌లో వాళ్లలాగే.

పిల్లను లోపల పడుకోబెట్టమని వాచ్‌మన్ వాళ్లకు చెప్పమన్నావు. చెప్పను. చోటు మారాల్సింది ఆ చాప కాదు.

ఉత్తరం నీ చేతికివ్వకుండా లిఫ్టు పక్కన బోర్డు మీద పెడుతున్నది నిన్ను అవమానించడానికి కాదు. ఫలానా చోట చెకింగ్ ఉందని నీకు వాట్సాప్‌లో కబురు పంపేదీ ఈ అపార్టుమెంటు వాళ్లే. వాళ్లూ చదవాలి.

ఈ శనివారం బయల్దేరేటప్పుడు తాళాలు నా దగ్గర పెట్టి క్యాబ్‌లో వెళ్లు. ఎన్నింటికొచ్చినా నేను మెలకువగానే ఉంటాను, గేటు తీయిస్తాను. తాగి కారులోనే వస్తే మాత్రం 112కు ఫోన్ చేస్తాను.

ఆ పిల్ల గోడవైపు తలపెట్టి, ర్యాంపువైపు కాళ్లు చాపి పడుకుంటుంది. నిన్నటిదాకా నీకు తెలియదేమో. ఇప్పుడు తెలుసు.

మూడో అంతస్తు ఆంటీ