కల్లు కాదు, కల్లుప్పు

నాయనమ్మ పోయాక పంపకాల్లో పెదనాన్నకి గంగాళం, అత్తయ్యకి కాసులపేరు వెళ్లాయి. నా వంతుకి ఉప్పుజాడీ వచ్చింది. బూడిదరంగు మీద నీలం పూత, తగరం మూత, పక్కన పిడి, ముందు కప్పెత్తి తాగుతున్న ఓ బొజ్జాయన. ఆయన్ని కుబేరుడనుకుని, నాయనమ్మ ప్రతి శుక్రవారం నుదుట బొట్టు పెట్టేది.

తాతయ్య రూర్కెలా ఉక్కు కర్మాగారంలో చేశాడు. పశ్చిమ జర్మనీ సాయంతో కట్టారు కదా, అక్కడి ఇంజినీరొకాయన స్వదేశం వెళ్లిపోతూ తాతయ్య చేతిలో పెట్టిన కానుక అది. బీరు తాగే మగ్గని తాతయ్య ఇంట్లో చెప్పలేదు. చెబితే మగ్గుతో పాటు ఆయనా వీధరుగు మీదే ఉండేవాడు. అలా కల్లు పోయాల్సిన దాంట్లో కల్లుప్పు పడింది.

ఆ మాటకొస్తే ఆ మగ్గు జాతికి ఉప్పు పుట్టుకతోనే పరిచయం. జర్మనీలో వెస్టర్‌వాల్డ్ కుమ్మరులు ఆవం 1200 డిగ్రీల దరికి కాగాక లోపలికి ఉప్పు విసురుతారు. ఆ ఆవిరికి మట్టిమీద గాజుపొర కడుతుంది. ఇంగ్లీషువాళ్లు స్టైన్ అంటారు గానీ జర్మన్‌లో ఆ మాటకి అర్థం రాయి. మన రాచ్చిప్పకి దూరపు చుట్టమన్నమాట.

ఇక ఖరీదు కట్టడం. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది. కాబట్టి అడుగున ‘జర్మనీ’ అని లేకపోతే అంతకన్నా పాతది కావచ్చని చదివాను. తిరగేసి చూశాను. ఉప్పు పెచ్చు తప్ప అక్షరమ్ముక్క లేదు! వేలితో కొట్టాను. ఖంగుమంది, అంటే బీటలు లేవు. మూత కీలు మాత్రం ఉప్పు తిని బిగుసుకుపోయింది.

అంచు కింద గీత, పక్కన ‘0,5 ఎల్’ అని ఉంది. బాబాయి కళ్లజోడు సవరించుకున్నాడు.

“అయిదు లక్షలురా! ధర వాళ్లే వేసిచ్చారు.”

అది అర లీటరు. జర్మన్లు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. బీరు ఆ గీత దాకా పోయాలని లెక్క. బాబాయికి ఇది చెప్పడానికి నాకు రెండు రోజులు మనసొప్పలేదు.

మూడోనాడు ఉప్పు ఖాళీ చేసి, వేణ్ణీళ్లలో నానబెట్టాను. పెచ్చు ఊడింది. కింద నీలం అక్షరాలు: పశ్చిమ జర్మనీలో తయారైనది. ఆ దేశం పుట్టిందే 1949లో.

“ఉద్యోగానికి రూర్కెలా వచ్చినాయన వాళ్ల ముత్తాత చెంబు వెంట తెచ్చుకుంటాడా?” అంది మా ఆవిడ. ఈ ముక్క మొదటిరోజే అనొచ్చుగా! ఆ కాలపు మగ్గులు పాతిక, ముప్పై యూరోలకే దొరుకుతున్నాయి. పోస్టు ఖర్చులకే చాలవు.

సాయంత్రం అత్తయ్య ఫోను.

“కడిగావటగా. అందులో ఉప్పేం చేశావురా?”

“సింకులో పోశానత్తయ్యా.”

కాసేపు అవతల ఉలుకూ పలుకూ లేదు.

“లక్ష్మీదేవిని తూములో పోసి, చెంబుకి ఖరీదు కడుతున్నావట్రా!”