పాము గెలిపించే మంత్రం

పాముకాటుకు మంత్రం పనిచేస్తుందని అరకు కొండల్లోనే కాదు, కింద మైదానంలో డిగ్రీలు చదివినవాళ్లూ సాక్ష్యాలతో సహా చెబుతారు. బతికినవాళ్లు కళ్లెదుటే తిరుగుతున్నారు, కాదనలేం. ఆ ఘనత ఎవరిదన్నదే తగువు. మనకు కనబడే పాముల్లో ఎక్కువ భాగం విషం లేనివి. విషమున్నవి కూడా కొన్నిసార్లు కోర దింపి, విషం వదలకుండా పోతాయి. ఈ కాట్లకు మంత్రం భేషుగ్గా పనిచేస్తుంది. రెండో ఎక్కం చదివినా అంతే భేషుగ్గా పనిచేస్తుంది. నాగుపామో రక్తపింజరో నిండుగా విషం దింపిన రోజున మాత్రం రోగికి ఆయువు తీరిందంటారు, లేదా ఆలస్యంగా తెచ్చారంటారు. తప్పిన ప్రతిసారీ తప్పు ప్రశ్నపత్రానిదే అయ్యే పరీక్ష ఇదొక్కటే.

పసిపిల్లల దగ్గర ఈ విద్య మరీ వింత. విషం ఎక్కిందో లేదో తేల్చడానికి వేపాకు నమిలించి, చేదు తెలుస్తోందా అని అడుగుతారు. పళ్లే రాని బిడ్డ ఏమని చెప్పాలి? కట్లపాము రాత్రిపూట, నేలమీద నిద్రపోయేవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున బిడ్డ కడుపు పట్టుకుని ఏడుస్తుంది, రెప్పలు వాలిపోతాయి. దిష్టి తగిలిందని ఉప్పు తిప్పేలోపు ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. పాము మనిషి ఒడ్డూపొడుగూ చూసి విషం కొలవదు. అదే విషం పది కిలోల ఒంట్లో ఎంత వేగంగా పాకుతుందో వేరే చెప్పాలా? 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. వారిలో పావు వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలే.

ఆసుపత్రి దూరం, మంత్రగాడు పక్కింట్లో, ఊరికే కూర్చోవడం కన్నా నయం కదా అంటారు. ఇందులో సగం న్యాయముంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డులేని గూడేలకు ఇప్పటికీ డోలీయే దిక్కు. ‘గిరిజనుల మూఢనమ్మకం’ అంటూ జీపులోంచి నిట్టూర్చే పెద్దల మంత్రానికీ పాము లొంగదు. కానీ దూరమున్నచోటే కదా ప్రతి గంటా ప్రాణమయ్యేది! పసరూ కోతా ఆ గంటల్నే తింటాయి; బిగించి కట్టిన తాడు కాలినే పాడుచేస్తుంది. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, బిడ్డను వెంటనే ఎత్తుకుని బయల్దేరాలి. మంత్రం చదివే తీరాలంటే డోలీ వెంట నడుస్తూ చదవండి, అభ్యంతరం లేదు.

2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. అది జరగాలంటే విరుగుడు ఇంజెక్షన్ పసివాడికీ పెద్దవాడి మోతాదులోనే పడాలి, ఎందుకంటే మందు కొలిచేది విషాన్ని బట్టి, బరువును బట్టి కాదు. డోలీ దిగే మొదటి పీహెచ్‌సీలో ఆ వయల్స్ సరిపడా ఉన్నాయో లేదో, వానలు పడకముందే వెళ్లి అడగండి.