ఫుల్ చార్జికి ఎంత వస్తుంది?

పెళ్లికొడుకు జీతం, బండి మైలేజీ: ఈ రెండూ అడగడానికి మనవాళ్లకి పరిచయం అక్కర్లేదు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగినవాడు కూడా అద్దం దించమని సైగ చేసి మరీ "లీటరుకి ఎంతిస్తుందన్నా?" అంటాడు. చెప్పేవాడు రెండు కిలోమీటర్లు కలిపి చెబుతాడు, వినేవాడు మూడు తీసేసి వింటాడు. లెక్క ఎక్కడో ఒకచోట సరిపోతుంది. తరాలుగా నడుస్తున్న మర్యాద ఇది.

నేను కరెంటు కారు కొన్నాక ఆ మర్యాద చెడింది. ఇప్పుడు అందరూ అడిగేది "ఫుల్ చార్జికి ఎంత వస్తుంది?" అని. పాత ప్రశ్నలో ఆరా ఉండేది, ఇందులో పరామర్శ ఉంది. "హైవే మీద మూడొందలకి అటూ ఇటూ వస్తుందండీ" అనగానే "అంతేనా!" అని చప్పరిస్తారు. అలా చప్పరించిన మా పై ఫ్లాటు పెద్దాయన తన పెట్రోలు కారుని రైతుబజారుకి, శనివారం గుడికి తప్ప బయటికి తీయరు. అయినా సరే, రాత్రికి రాత్రి కాశ్మీరు బయల్దేరాల్సి వస్తే నా గతేమిటన్నది ఆయన బెంగ.

మా బావమరిది ఇంకో రకం. వాడు కంపెనీ కాగితం పట్టుకుని కూర్చున్నాడు. "బావా, ఇందులో 450 పైనే రాశారు. నీకొచ్చేది 300. మిగతా 150 ఎవరు తిన్నట్టు?"

ఎవరూ తినలేదు. ఆ అంకె రోడ్డు మీద పుట్టింది కాదు. పూణేలోని ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్షా కేంద్రంలో కారుని రోలర్ల మీదికి ఎక్కించి, ఏసీ కట్టేసి, ఇరవై నిమిషాల పాఠం ఒకటి పదే పదే నడిపిస్తారు. అందులో అత్యధిక వేగం గంటకి 90 కిలోమీటర్లు, సగటు ముప్పై పైచిలుకు. అక్కడ గుంతలు ఉండవు, రాంగ్ రూట్లో ట్రాక్టరు రాదు, డిక్కీలో బియ్యం బస్తా ఉండదు, వెనక సీట్లోంచి "ఏసీ పెంచరా, ఉడికి చస్తున్నాం" అనే పిన్ని ఉండదు. పెట్రోలు కార్ల మైలేజీ అంకె కూడా ఆ రోలర్ల మీద పుట్టిందే. కాకపోతే దాన్ని మొదట్నుంచీ ఎవరూ నమ్మలేదు కాబట్టి ఎవరికీ మోసపోయామన్న బాధ లేదు.

అసలు లెక్క కరెంటు బిల్లు కట్టేవాళ్లందరికీ అర్థమయ్యేదే. నా బ్యాటరీలో పట్టేది 45 యూనిట్లు. బిల్లులో నెలనెలా చూసి గుండె పట్టుకుంటామే, అవే యూనిట్లు. లీటరు పెట్రోలులో ఉన్న శక్తిని అదే కొలతలోకి మారిస్తే దాదాపు 9 యూనిట్లు. అంటే ఫుల్ చార్జి చేసుకుని దర్జాగా గేటు దాటేటప్పుడు నా బండిలో ఉన్నది అక్షరాలా 5 లీటర్ల పెట్రోలు! బావమరిది ట్యాంకులో 37 లీటర్లు పడుతుంది, 330 యూనిట్ల సరుకు. నాకన్నా ఏడు రెట్లు మోసుకుని వాడు పోయేది నాకు రెట్టింపు దూరం. మిగిలిందంతా ఏమైందో బానెట్ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. పెట్రోలు ఇంజను తాగినదాంట్లో ముప్పావు వంతు దాకా వేడిగా, పొగగా పోతుంది. మోటారు మాత్రం పదింట ఎనిమిది పాళ్ల పైనే చక్రాలకి అప్పజెబుతుంది. ఇంట్లో యూనిట్‌కి 10 రూపాయలు వేసుకున్నా నా 300 కిలోమీటర్లకి అయ్యేది 450. అదే దూరానికి వాడికి 18 లీటర్లు కావాలి, లీటరు చూస్తే నూరు దాటి చాలా కాలమైంది. సంభాషణ సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి వాడికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

ఫోన్ పెట్టేసి అడుగుతాడు: "అన్నీ బావున్నాయి గానీ బావా, నీ 5 లీటర్లు నింపడానికి ఎంతసేపు పడుతుంది?"

అక్కడ నా నోరు పడిపోతుంది. హైవే మీద మామూలుగా దొరికే 60 కిలోవాట్ల చార్జరు నిమిషానికి ఒక యూనిట్ ఇస్తుంది. బంకులో కుర్రాడు నిమిషానికి 30 లీటర్లు పోశాడనుకుంటే అది 270 యూనిట్లు. వాడికీ నాకూ అసలు తేడా పోయే దూరంలో కంటే నింపుకునే వేగంలోనే ఉంది.

అందుకే పెట్రోలు లైటు వెలిగితే వాడికి హుషారొస్తుంది. "ఇంకో యాభై పోతుందిలే" అని పాట పెంచుతాడు. అదే మనిషికి నా బండి ఇస్తే 30 శాతం చూడగానే చెమటలు పట్టాయి. 30 శాతమంటే ఇంకా 90 కిలోమీటర్లు రా అని చెప్పినా వినడే! ఆ ధైర్యం వాడికి ట్యాంకు ఇచ్చింది కాదు. మలుపు తిరిగితే బంకు ఉంటుందన్న భరోసా ఇచ్చింది. బంకులు తక్కువగా ఉన్న రోజుల్లో ఇదే పెట్రోలు మన చేత ఏమేం చేయించలేదు? చేతక్ స్కూటరు నడిరోడ్డు మీద గుర్రుమని ఆగితే కాళ్ల సందున చెయ్యి పెట్టి నాబు రిజర్వుకి తిప్పడం, అదీ అయిపోతే స్కూటర్ని పక్కకి వాల్చి లేపడం, ఆ మీదట సీసా పట్టుకుని నడక. అంతసేపూ భార్య ఈయనెవరో తనకి తెలియనట్టు అటు తిరిగి నిలబడేది.

ఇంకా వెనక్కి వెళ్తే మరీ సొగసు. 1888 ఆగస్టులో జర్మనీలో కార్ల్ బెంజ్ భార్య బెర్తా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల పెట్రోలు బండిని ఆయనకి చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. దూరం 100 కిలోమీటర్ల పైన. దారిలో ఇంధనం అయిపోవచ్చింది. పెట్రోలు బంకనేది లోకంలో ఇంకా పుట్టలేదు. వీస్లోక్ అనే ఊళ్లో మందుల షాపుకెళ్లి, మరకలు తుడిచే లిగ్రోయిన్ కొని బండిలో పోసింది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు ఆ మందుల షాపే అంటారు. పుట్టింటికి వెళ్లాలని తీర్మానించుకున్న ఆడమనిషికి రేంజ్ ఒక అడ్డంకి కాదని చరిత్ర అప్పుడే తేల్చేసింది.

పాతికేళ్లు తిరిగేసరికి అమెరికాలో ఇంకో ముచ్చట. హెన్రీ ఫోర్డు దేశమంతా పెట్రోలు కార్లతో నింపేస్తుంటే, ఆయన భార్య క్లారా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారులో తిరిగేది. ఒక చార్జికి 80 మైళ్లు, అంటే 130 కిలోమీటర్ల దాకా వస్తుందని కంపెనీ ప్రకటన. ఆవిడతో "అంతేనా!" అని చప్పరించే ధైర్యం ఎవరికుంది?

ఆ ధైర్యం మా అత్తవారి తరఫున అందరికీ ఉంది. వాళ్లది విజయవాడ. హైదరాబాదు నుంచి 270 కిలోమీటర్లు. 300లో 270 పోగా 30 మిగులుతుందని లెక్క చెప్పేవాళ్లు సంసారంతో ప్రయాణం చేసి ఉండరు. ఎల్బీ నగర్, హయత్‌నగర్ ట్రాఫిక్‌లో అందరూ తిట్టుకుంటుంటే నా బండి మహా పొదుపుగా ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా కాస్త కరెంటు బ్యాటరీలోకి వెనక్కి వస్తుంది. చౌటుప్పల్ దాటి రోడ్డు తెరుచుకుందా, దానికి జబ్బు మొదలు. 80లో పోయేవాడు 110 అందుకుంటే గాలి అడ్డుకునే బలం రెట్టింపుకి దగ్గరవుతుంది. పెట్రోలు కారు ఊళ్లో తాగి హైవే మీద బుద్ధిగా ఉంటుంది. మనది ఊళ్లో బుద్ధిమంతురాలు, హైవే ఎక్కితే ఖర్చుమనిషి.

ఇక సూర్యాపేటలో ఆగాల్సిందే. హోటలు వెనకాల, జనరేటరు పక్కన చార్జరు. దానికి అప్పటికే ఒక కారు తగిలించి ఉంది, తెర మీద 86 శాతం. 80 దాటాక బ్యాటరీ వేగంగా తీసుకోదు, ఆఖరి 20 శాతానికి అంతకుముందు పట్టినంతసేపూ పడుతుంది. అందుకే 80 కాగానే తీసేయడం పద్ధతి. కానీ ఆయన మన వంశంవాడు, విస్తట్లో మెతుకు మిగల్చకూడదని పెరిగినవాడు. 100 చేసుకునే లేచాడు. పెట్రోలు కారులో మా కన్నా ముందు పోయిన బావమరిది బ్యాచ్ చౌటుప్పల్‌లో టిఫిను, నకిరేకల్‌లో టీ, కోదాడలో పిల్లాడి వాంతి అని మూడుసార్లు ఆగారు. అది లెక్కలోకి రాదు. మేం ఒక్కసారి ఆగింది మాత్రం వార్త. వాడు ముందే ఇల్లు చేరి వాళ్లమ్మతో చెప్పాడట: "బావావాళ్లకి సూర్యాపేటలో సెలైన్ ఎక్కుతోందమ్మా, మెల్లగా వస్తారు."

నా పక్షాన మాట్లాడినవాడు ఒక్క వెంకన్నే. తిరుమల కొండ ఎక్కేటప్పుడు అంకె చకచకా పడిపోతుంటే బావమరిది నవ్వాడు. దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలేస్తే మోటారే జనరేటరై ఒకటీ రెండు యూనిట్లు బ్యాటరీకి తిరిగొచ్చాయి. పెట్రోలు ట్యాంకులోకి ఏ కొండ దిగినా చుక్క తిరిగి రాదు. వడ్డీకాసులవాడు తీసుకున్నదాంట్లో కొంతైనా వెనక్కి ఇచ్చాడంటే బహుశా అది నా బండికే.

పోయినసారి విజయవాడ చేరేసరికి అత్తగారు వరండాలో 15 ఆంపియర్ల ప్లగ్ పెట్టించి ఉన్నారు. గంటకి 3 యూనిట్లు, ఖాళీ బండి నిండాలంటే 15 గంటలు. "బెంజ్ సర్కిల్ వైపు వెళ్తే అరగంటలో పనైపోతుందండీ" అన్నాను. "ఇంట్లో కరెంటు పెట్టుకుని బయట కొనడమేమిటి అల్లుడుగారూ? నిండాకే బయల్దేరుదురుగాని" అన్నారు. తెల్లారి చూస్తే 60 శాతం దగ్గర ఆగిపోయి ఉంది. రాత్రి ఎవరో స్విచ్ కట్టేశారు.

"కరెంటు పోయిందేమోనండీ" అంది మా ఆవిడ, పుట్టింటి వరండాలో తిరుగుతున్న ఫ్యాను కింద కూర్చుని రెండో కాఫీ తాగుతూ.