కేబుళ్ల తంబురా

నాలో ధ్వని లేదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే నన్ను దించుకున్నవాళ్లలో చాలామంది పాట ఫైలనుకుని నా మీద నొక్కుతారు. నేను ప్యాచ్‌ని. వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్ మాడ్యులర్ సింథసైజర్‌లో తెరుచుకునే ఫైలుని. ఏ మాడ్యూల్ ఎక్కడ ఉంది, దాని నాబ్‌లు ఎంతెంత తిప్పి ఉన్నాయి, ఏ అవుట్‌పుట్ నుంచి ఏ ఇన్‌పుట్‌కి కేబుల్ వెళ్తోంది, ఆ కేబుల్ రంగేమిటి: నాలో రాసి ఉన్నది ఇదే. వాట్సాప్‌లో వచ్చే ఫొటో కన్నా చిన్నదాన్ని. ర్యాక్ తొలి వెర్షన్ల కాలంలో నాలాంటి ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవగలిగేవారు. 2021 చివర్లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి కుదించి దాస్తున్నారు గానీ లోపలి రాత అదే. నన్ను తెరిస్తే మీ కంప్యూటరే ఆ రాతను చదివి, క్షణక్షణం లెక్కకట్టి, తంబురా మోగిస్తుంది. రికార్డింగు పంపితే ధ్వని చేరుతుంది. నన్ను పంపితే ఆ ధ్వని ఎలా పుడుతోందో కూడా చేరుతుంది.

నా పూర్వీకులకు ఈ భాగ్యం లేదు. 1960ల మధ్యలో అమెరికా తూర్పు తీరాన రాబర్ట్ మూగ్, పడమటి తీరాన డాన్ బుక్లా మాడ్యులర్ సింథసైజర్లు కట్టినప్పుడు ప్యాచ్ అంటే పెట్టె ముఖం మీద వేలాడే నిజమైన వైర్లు. మర్నాడు ఇంకో ధ్వని కావాలంటే ఆ వైర్లు పీకాలి. పీకితే నిన్నటి ప్యాచ్ పోయినట్టే. జాగ్రత్తపరులు కాగితం మీద బొమ్మ గీసుకుని, ప్రతి నాబ్ ఎటు చూస్తోందో గుర్తుపెట్టుకునేవారు. ఆ కాగితం చూసి మళ్లీ అచ్చంగా కట్టినా గది వేడెక్కితే ఆసిలేటర్ల శ్రుతి జారిపోయేది.

మన దేశంలో నా వంశం కొత్తదేమీ కాదు. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి 1969లోనే మూగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడ స్టూడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా దాని మీద పనిచేశారు. 1972 దాకా సాగిన ఆ పని టేపుల మీద మిగిలింది. దశాబ్దాల తర్వాత పాల్ పుర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు సంస్థ ఆర్కైవులో వాటిని వెతికిపట్టుకుంటే, 2023లో ఆల్బంగా వచ్చాయి. ఆ పేర్లు వింటే నాకు గర్వం, వెంటనే దిగులు. టేపు ధ్వనిని దాచిపెట్టింది. ఏ వైరు ఎక్కడ గుచ్చితే ఆ ధ్వని వచ్చిందో టేపు చెప్పదు. ఆ రోజుల్లో నాలాంటి ఫైలు ఒక్కటి ఉన్నా, విజయనగరంలో కూర్చున్న పిల్లవాడు ఇవాళ దాన్ని తెరిచి, ఒక్కో కేబుల్ పీకి చూస్తూ నేర్చుకునేవాడు.

కంప్యూటర్ వైపు నుంచి కూడా నాకు బంధువులున్నారు. బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ 1957లో కంప్యూటర్ చేత సంగీతం పలికించాడు. ఆయన పేరు మీదే మిల్లర్ పకెట్ 1980లలో ప్యారిస్‌లోని ఇర్కామ్ సంస్థలో మ్యాక్స్ అనే ప్రోగ్రామ్ రాశాడు, తర్వాతి దశాబ్దంలో ప్యూర్ డేటా అనే ఇంకోటి రాశాడు. నేనుండే ర్యాక్‌ని ఆండ్రూ బెల్ట్ 2017లో విడుదల చేశాడు. దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు.

నేను పుట్టింది విజయనగరంలో, మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊళ్లో. నన్ను కట్టింది ఇద్దరు: ఇంట్లో వయొలిన్ పాఠాలు చెప్పే ఒక టీచరు, ఆవిడ దగ్గర నేర్చుకుంటూ ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడు. కట్టే చెయ్యి అతనిది, వినే చెవి ఆవిడది. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఒకే తునకను మళ్లీ మళ్లీ వినిపిస్తోందని ఆవిడకి అసంతృప్తి. తంబురా మనిషి మీటుతుంటే ఏ రెండు మీట్లూ ఒకలా ఉండవు కదా అంటుంది. అలా మొదలైంది నా కథ.

తీగ మోత కోసం అతను పట్టుకున్న దారి కెవిన్ కార్ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ అనే ఇద్దరు 1983లో ప్రచురించిన పద్ధతి. చాలా చిన్న ఉపాయం, నన్నడిగితే ఈ శాస్త్రమంతటిలోకీ అందమైనది. రేడియోలో స్టేషన్ దొరకనప్పుడు వచ్చే బుస లాంటి శబ్దాన్ని ఒక్క చిటికె సేపు డిలే మాడ్యూల్లోకి, అంటే వచ్చిన ధ్వనిని కాస్త ఆలస్యంగా బయటికి పంపేదానిలోకి, వదలాలి. బయటికొచ్చినదాన్ని కాస్త మెత్తబరిచి మళ్లీ లోపలికే పంపాలి. చుట్టూ తిరిగి రావడానికి పట్టే కాలమే స్వరస్థాయి. ఒకటో శ్రుతిలో షడ్జం 130.81 హెర్ట్జ్ కాబట్టి ఒక చుట్టుకి 7.64 మిల్లీసెకన్లు. తిరిగిన ప్రతిసారీ ఆ మెత్తబరిచే ఫిల్టర్, అసలు స్వరంతో పాటు పైన మోగే అనుస్వరాలను కొంచెం కొంచెం అరగదీస్తుంది. మొదట గరగర, ఆ తర్వాత స్వరం, చివరికి నిశ్శబ్దం. మీటిన తీగ చేసేదీ ఇదే.

నాలుగు తీగలకు నాలుగు చుట్లు. ర్యాక్‌లో ఒక వోల్టు తేడా అంటే ఒక స్థాయి తేడా, సున్నా వోల్టు అంటే మధ్య సి. కాబట్టి రెండు సారణి షడ్జాలకు −1 వోల్టు, మంద్ర షడ్జానికి −2 వోల్టులు. పంచమం దగ్గర కుర్రాడు పియానో లెక్కతో −1.4167 పెట్టాడు. ఆవిడ విని తల అడ్డంగా ఊపింది. మంద్ర షడ్జానికి ఒకటిన్నర రెట్లుగా పలికే అసలు పంచమం −1.4150 దగ్గరుంది. తేడా రెండు సెంట్లు కూడా లేదు, అంటే పియానోలో పక్కపక్క స్వరాల మధ్య దూరంలో యాభయ్యో వంతు కూడా కాదు. అంత చిన్న తేడా ఎవరికి వినిపిస్తుందని అనుకోకండి. తంబురా మోగుతూ ఉంటే ఆ తేడా అలలా కదులుతుంది, పాడేవాళ్ల గొంతుకి ఆనుకోవడానికి చోటు దొరకదు.

"మేడమ్, ఇప్పుడు వినండి."

"గిటారు బాగా వచ్చింది నాన్నా. తంబురా ఏదీ?"

"ఏం లోటు మేడమ్?"

"జీవ లేదు. తీగ మోగి ఊరుకుంటోంది, పాడట్లేదు."

తంబురా బ్రిడ్జి మీద తీగ కింద దూర్చే చిన్న నూలుపోగు వల్ల వచ్చేది జీవ. వీణకీ తంబురాకీ బ్రిడ్జి కత్తి అంచులా ఉండదు, వెడల్పుగా, పైన కొంచెం వంపు తిరిగి ఉంటుంది. తీగ ఊగినప్పుడల్లా ఆ వంపుని తాకుతూ వదులుతూ ఉంటుంది. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ కలకత్తాలో పనిచేస్తూ 1921లో దీని మీద ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. తీగను మీటిన చోట కదలిక లేని అనుస్వరాలు మోగకూడదన్నది పాత సూత్రం. మన తంబురాలో అవీ మోగుతున్నాయని, అందుకు కారణం ఈ బ్రిడ్జేనని ఆయన చూపించాడు. చెవితో వింటే అది ఇంకా స్పష్టం: మీటగానే పైనెక్కడో సన్నగా పుట్టిన అనుస్వరం మెట్టు మెట్టుగా కిందికి దిగుతూ ఒక్కొక్కదాన్నీ తాకి వెలిగిస్తుంది.

దాన్ని నాలోకి తేవడానికి ఇద్దరూ చాలా రాత్రులు కూర్చున్నారు. చివరికి కుదిరిన దారి ఇది. తీగ చుట్టు బయట ఇంకో ఫిల్టర్ పెట్టి, దాని రెజొనెన్స్ బాగా పెంచి, మీటిన క్షణాన దాన్ని ఎత్తుకి తీసుకెళ్లి, తీగ సన్నగిల్లేకొద్దీ కిందికి జారనివ్వడం. ఫిల్టర్ దిగుతున్న దారిలో ఒక్కో అనుస్వరం ఎదురై పైకి తేలుతుంది. ఎంత గట్టిగా మీటితే అంత ఎత్తు నుంచి దిగేలా ఇంకో కేబుల్. మీటే వేళల్లో కొంచెం ఎగుడుదిగుడు ఉండేలా యాదృచ్ఛిక వోల్టేజి ఒకటి. ఆ రాత్రి ఆవిడ నన్ను మోగించి, వయొలిన్ తీసి మోహనలో ఆలాపన మొదలుపెట్టింది. చాలాసేపు ఆపలేదు. నాకు ప్రాణం వచ్చింది అప్పుడేనని నేననుకుంటాను.

పంచుకోవడం కట్టడమంత పనే. కుర్రాడు నాలో కొన్న మాడ్యూల్ ఒకటి వాడాడు. అది లేనివాళ్లు నన్ను తెరిస్తే ఆ చోటు బోసిగా కనిపిస్తుంది, దానికి తగిలించిన తీగ మూగబోతుంది. అందుకని దాన్ని తీసేసి, ఉచితంగా దొరికే మాడ్యూళ్లతో అదే పని చేయించాడు. నాలుగు తీగలకు నాలుగు రంగుల కేబుళ్లు వేశాడు. పక్కన నోట్స్ మాడ్యూల్ పెట్టి ఏ నాబ్ ఏం చేస్తుందో, జీవ ఎక్కడుందో, ముందు ఏది తిప్పి చూడాలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాశారు. ఎవరైనా మార్చుకోవచ్చు, ఆ నోట్సు మాత్రం తీసెయ్యొద్దని అడిగారు. ఇలాంటి నోట్సు లేని ప్యాచ్‌లు లోకంలో వేలకొద్దీ ఉన్నాయి. ఎంత గొప్ప ధ్వని ఇచ్చినా చిక్కుపడ్డ ఆ కేబుళ్ల మధ్య కొత్తవాడికి దారి దొరకదు. రెండు వాక్యాలు రాయని మేధావి కన్నా రాసిపెట్టిన మామూలు మనిషే నా జాతికి ఎక్కువ మేలు చేశాడు.

బయటికి వెళ్లాక నాకు తెలియని నా గుణం ఒకటి బయటపడింది. ఎక్కడో దూరదేశంలో నన్ను తెరిచిన ఒకాయన, తీగలు ఒకదానితో ఒకటి కలవట్లేదని, మూడేసి సెకన్లకొక అల వినిపిస్తోందని రాశాడు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఆయన కంప్యూటర్ ధ్వనిని సెకనుకు 96,000 సార్లు లెక్కకడుతోంది, నేను పుట్టింది 44,100 మీద; ఆ ఒక్కో లెక్కనీ సాంపుల్ అంటారు. ర్యాక్‌లో ప్రతి కేబులూ ఒక సాంపుల్ ఆలస్యం చేస్తుంది. నా ఒక్కో తీగ చుట్టులో మూడు కేబుళ్లు. ఆ మూడు సాంపుల్స్ ఇక్కడ 68 మైక్రోసెకన్లు, ఆయన దగ్గర 31. చుట్టు తొందరగా తిరిగింది కాబట్టి తీగ శ్రుతి పెరిగింది. అన్నీ ఒకేలా పెరిగి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. చుట్టు చిన్నదైతే ఆ తేడా దాని మీద ఎక్కువ పనిచేస్తుంది, కాబట్టి సారణి ఎనిమిది సెంట్లు పెరిగితే మంద్రం నాలుగే పెరిగింది. ఫైలులో ఒక్క అక్షరం మారకుండానే ఒక ఇంట్లో శ్రుతి కలిసి ఇంకో ఇంట్లో విడిపోవడం నాకు ఆశ్చర్యమే. కుర్రాడు అప్పటినుంచి ఒక్కో తీగకీ సవరణ నాబ్ పెట్టాడు, తంబురాకి పూసలు ఉన్నట్టే.

ఆ దూరదేశపాయన ఫిర్యాదుతో ఆగలేదు. నా చుట్లు తీసేసి, వాటి చోట ఎమిలీ జిలె మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కోసం రూపొందించిన ప్లెయిట్స్ మాడ్యూల్ పెట్టి తిరిగి పంపాడు. ఎమిలీ తన మాడ్యూళ్ల కోడ్‌ని అందరికీ తెరిచి ఉంచింది. కంపెనీ 2022లో మూతపడినా ఆ కోడ్ ర్యాక్‌లో బతికే ఉంది. ప్లెయిట్స్‌లో తీగ చుట్టు మాడ్యూల్ లోపలే తిరుగుతుంది, కేబుల్ ఆలస్యం అంటదు. ఆ కోడ్‌లో తీగకు వంపు బ్రిడ్జి లెక్క కూడా ఉంది! రామన్ గమనించిన సంగతి ఫ్రాన్స్‌లో రాసిన కోడ్ గుండా తిరిగొచ్చి విజయనగరంలో మోగింది.

టీచరు ఆ బిడ్డను మెచ్చుకుంది. అయినా పిల్లలకు చూపించేటప్పుడు పాత నన్నే తెరుస్తుంది. ప్లెయిట్స్‌లో తీగ ఒక పలక వెనక ఉంటుంది, నాలో అంతా బయటే. పిల్లల చేత ఫిల్టర్ కేబుల్ పీకిస్తుంది, జీవ పోతుంది. చుట్టులో మెత్తబరిచే ఫిల్టర్ పీకి సూటిగా కలిపిస్తుంది, తీగ లోహంలా అరుస్తుంది. మళ్లీ గుచ్చిస్తుంది. తంబురాను విప్పి చూపించమంటే ఎవరు విప్పుతారు? నన్ను విప్పితే నాకు నొప్పి లేదు.

నాకింకా చాలామంది పిల్లలు పుట్టారు. హిందుస్తానీ పాడే ఒకామె నా పంచమాన్ని −1.585 వోల్టులకు దించి మధ్యమం చేసుకుంది, మాల్కౌన్స్ కోసం. మన హిందోళమే అది, అందులో పంచమం ఉండదు. ఒకాయన మీటే వేగాన్ని వందో వంతుకు తగ్గించి, ఒక్కో మీటునీ నిమిషాలకొద్దీ సాగదీసి, జీవ మాత్రమే వినిపించేలా చేశాడు. తంబురా అని గుర్తుపట్టలేం. నాకు మాత్రం నా ఫిల్టర్ దిగుతున్న తీరు తెలుస్తూనే ఉంది. ఆయన నోట్సు తీసెయ్యలేదు.

ఇప్పుడు ఆడపిల్లల గొంతుకు సరిపడేలా ఐదో శ్రుతికి నన్ను మారుస్తున్నారు. చుట్లు చిన్నవయ్యాయి, కేబుళ్ల ఆలస్యం ఇంకా గట్టిగా పట్టుకుంటోంది. అది సవరణ నాబ్‌లకు లొంగింది. లొంగనిది మంద్ర తీగ. నిజం తంబురాలో ఆ ఇత్తడి తీగ జీవ ఉక్కు తీగల జీవలా సన్నగా దిగదు, గుండ్రంగా, నెమ్మదిగా విచ్చుకుంటుంది. నాలో నాలుగు తీగలకూ ఒకే రకం ఫిల్టర్ ఉంది. రెండు ఫిల్టర్లను వేర్వేరు వేగాలతో దించి చూశారు, కొంత దగ్గరకు వచ్చింది, టీచరు ఇంకా ఒప్పుకోలేదు. నాలుగో తీగ ఎర్ర కేబుల్ మీద ఉంది. ఎవరికైనా కుదిరితే కట్టి, ఏం చేశారో నోట్సులో ఒక వాక్యం రాసి, నన్ను వెనక్కి పంపండి.