వెళ్లిందని చూసినవాడెవడు?

మా రోజుల్లో బ్యాకప్ అంటే ఒక మనిషి డ్యూటీ. సాయంత్రం లెక్కలు మూసేశాక ఈడీపీ సెక్షన్‌లో ఒకరు ఉండిపోవాల్సిందే. సోమవారానికో టేపు, మంగళవారానికో టేపు, నెలాఖరుది విడిగా. 150 ఎంబీ కార్ట్రిడ్జ్ పెట్టి టార్ కమాండ్ కొడితే టేపు ఈ చివరి నుంచి ఆ చివరికి గిర్రున తిరిగేది. అయ్యాక అందులో ఏమేం పడ్డాయో జాబితా తీసి చూసి, కార్ట్రిడ్జ్ మూలనున్న చిన్న మీటను ‘సేఫ్’ వైపు తిప్పి, రిజిస్టర్లో సంతకం పెట్టి, పక్క బిల్డింగులో ఇనప బీరువాకి చేరిస్తేగానీ ఇంటికి బస్సెక్కేది లేదు. నెలకోసారి ఏదో ఒక టేపులోంచి ఫైళ్లు వెనక్కి తీసి చూపించమనేవారు మా ఆఫీసరు గారు. రాకపోతే ఆ టేపు చెత్తబుట్టకే.

ఇప్పుడో? “అంతా ఆటోమేటిక్ అంకుల్, రాత్రి రెండింటికి క్లౌడ్‌లోకి వెళ్లిపోతుంది” అంటారు కుర్రాళ్లు. క్రాన్‌లో ఒక లైను, ఆర్‌క్లోన్‌ కమాండ్ ఒకటి, పనైపోయింది. అదీ కాపీ కాదు, సింక్! ఇక్కడ పొరపాటున ఫోల్డర్ చెరిగితే రాత్రికి అక్కడా చెరుగుతుంది. రాన్సమ్‌వేర్ పాడుచేసిన ఫైళ్లు వెళ్లి మంచివాటి మీదే కూర్చుంటాయి. పాత ప్రతులు దాచే వెర్షనింగ్ అమెజాన్ ఎస్3లో ఉంది, కానీ మనం ఆన్ చేస్తేనే. బుధవారం జరిగిన తప్పు మా మంగళవారం టేపును ముట్టుకునేది కాదు.

పెద్దవాళ్లకీ తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. ఎస్3లో బ్యాకప్ కోసం వెతికితే ఖాళీ! బ్యాకప్ తీసే పీజీ డంప్ వెర్షనూ డేటాబేస్ వెర్షనూ కలవక రోజూ ఫెయిలవుతోందట. ఫెయిలైందని చెప్పే మెయిళ్లేమో అవతలి సర్వర్ తిప్పికొట్టేసింది. చివరికి ఆదుకున్నది ఆరు గంటల ముందు ఒకతను వేరే పనికోసం చేత్తో తీసిపెట్టిన స్నాప్‌షాట్. ఆ తర్వాత జరిగిన మార్పులు పోనే పోయాయి. ఇదంతా దాచుకోకుండా వాళ్లే లోకానికి చెప్పారు, అందుకు మెచ్చుకోవాలి.

రాత్రిళ్లు కూర్చుని టేపులు మార్చమని నేననడం లేదు. క్రాన్‌లోనే ఇంకో లైను రాయండి, నెలకో ఫోల్డర్ క్లౌడ్ నుంచి వెనక్కి దించేది. దిగినవాటిని తెరిచి చూసే పని మాత్రం పేరు పెట్టి ఒక మనిషికి అప్పగించండి.