నేను తప్పుగా దిద్దిన వాక్యం

ఇంగ్లీషు పాఠం చెప్పే కొత్తలో నాకు ‘లోద్’ అన్న క్రియ ఒక్కటే తెలుసు. అసహ్యించుకోవడం, తలుచుకుంటేనే వెగటు పుట్టడం దాని అర్థం. ‘డిస్‌లైక్’ కన్నా, ‘హేట్’ కన్నా ఘాటైన మాట. చివరి ‘ఇ’ లేకుండా ‘లోత్’ అనే విశేషణం వేరే ఉందనీ, అందులో ఏవగింపు లేదనీ, మనసొప్పకపోవడం మాత్రమే ఉందనీ తెలియదు.

డిగ్రీ మొదటి ఏడాది పిల్లలను ఇల్లు విడిచి హాస్టలుకు రావడం గురించి రాయమన్నాను. ఒకమ్మాయి ‘ఐ యామ్ లోత్ టు లీవ్ మై విలేజ్’ అని రాసింది. ఊరు వదలాలంటే మనసు రావడం లేదని చెప్పడానికి అంతకన్నా అమరిన మాట ఉండదు. నేను దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి ‘ఐ లోద్ లీవింగ్’ అని దిద్దాను. బెంగను రోతగా మార్చాను. పైగా అందరి ముందూ చదివి, స్పెల్లింగూ వ్యాకరణమూ రెండూ తప్పన్నాను.

“డిక్షనరీలో చూసే రాశాను సార్” అంది.

“సరిగ్గా చూసి ఉండవమ్మా” అన్నాను. ఆ డిక్షనరీ తెమ్మని అడగాలని కూడా తోచలేదు. ‘బ్రెత్’కు ‘ఇ’ చేరితే ‘బ్రీద్’, ‘బాత్’కు చేరితే ‘బేద్’ అని బోర్డు మీద రాసేవాణ్ణి నేనే. ‘లోత్’, ‘లోద్’ ఆ వరసలోవే.

చాలాకాలానికి వేరే మాట కోసం నిఘంటువు తిప్పుతుంటే రెండూ పక్కపక్కనే కనిపించాయి. పాత ఇంగ్లీషులో రెండిటి మూలమూ ఒకటే. పగ, ద్వేషం దాని అసలు అర్థం. క్రియ ఆ ఘాటును నిలుపుకుంది, విశేషణం మెత్తబడి వెనకాడడంగా మిగిలింది. 16వ శతాబ్దం దాకా ఆ క్రియను ‘ఇట్ లోద్స్ మి’ అని కూడా వాడేవారట. అది నాకు రోత పుట్టిస్తోందని. మనం ‘నాకు గిట్టదు’, ‘నాకు పడదు’ అన్నప్పుడు ఇష్టాయిష్టాలు మనిషికి కలిగేవిగా ఉంటాయి, చేసేవిగా కాదు. ఇంగ్లీషూ ఒకప్పుడు ఆ దారిన నడిచిందని తెలిసినప్పుడు ఎంత సంతోషించానో! ఆ అమ్మాయిని నమ్మి ఉంటే అదంతా ఆ క్లాసులోనే అందరం కలిసి తెలుసుకునేవాళ్లం.

నేనలా దిద్దిన తర్వాత ఆమె రాసిన ఏ వ్యాసంలోనూ నేను చెప్పని మాట కనబడలేదు. అది మెరుగుపడడమే అనుకుని మార్కులు పెంచుతూ పోయాను.