పాయింట్ల అవధానము

సముద్రమును చూచుటకై విశాఖపట్టణమునకు పోవువారు పూర్వము కొందరుండిరని పెద్దలు చెప్పగా వినియున్నాను. నేటి యాత్రికులు పోవునది 'పాయింట్లు' చూచుటకు. బిందువునకు ఉనికియే గాని పొడవును వెడల్పును లేవని చిన్ననాట రేఖాగణితమున మాచేత వల్లె వేయించిన ఉపాధ్యాయుని మాట నాకప్పుడు బోధపడలేదు గాని, మొన్నటి ఆదివారము ఒక అద్దె వ్యానులో పదునలుగురు బంధువుల నడుమ ఒదిగి కూర్చుండి విశాఖను 'కవర్' చేసి వచ్చిన పిమ్మట దాని తాత్పర్యము కరతలామలకమైనది. ఈ పాయింట్లకును ఉనికి కలదు. అందు నిలుచుటకు మాత్రము వ్యవధి లేదు.

మా తోడల్లుడుగారు సంపాదించి తెచ్చిన కరపత్రమున "ఒక్కరోజులో వైజాగ్ మొత్తం! తొమ్మిది పాయింట్లు, భోజనంతో సహా" అని యుండెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమున బయలుదేరి, మజిలీ మజిలీకి దిగి, అచ్చటి నీళ్లెట్టివో అంగళ్లెన్నియో వ్రాసికొనుచు కాశికి పోయి, పదునైదు నెలలు గడచిన గాని ఇల్లు చేరలేదు. పాపము, ఆయనకు ప్యాకేజీ దొరకలేదు.

మాది యాత్ర యనుటకంటె అవధాన మనుట న్యాయము. అవధానికి పృచ్ఛకులు ఎనమండుగురైన చాలును; మాకు తొమ్మిది. గంటలు కొట్టువాని స్థానమున డ్రైవరు హారను మ్రోగించుచుండెను. అప్రస్తుతప్రసంగమును మా తోడల్లుడుగారు ఎవ్వరును అడుగకయే స్వీకరించి, వ్యాను కదలినది మొదలు భీమిలి దారిలో గజము స్థలము ఎంత పలుకుచున్నదో విచారించుచునే యుండిరి. ఇక అవధానమునకు ప్రాణమైన ధారణను మేమందరమును సెల్‌ఫోనులకు అప్పగించి నిశ్చింతులమైతిమి. తిరిగి వచ్చిన పిమ్మట "ఇది ఏ కొండ?" అని ఇంట నున్న పిల్లవాడడిగిన, ఫోను త్రిప్పి చూడక చెప్పగలవాడు మాలో ఒక్కడును లేకపోయెను.

సింహాచలమున వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాది పొడవునను చందనమున మరుగుపడి యుండి, వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపమున దర్శనమిచ్చును. చూడవలసినది వచ్చినవానికెల్ల వచ్చినంతనే కనబడదని ఆ దేవుడే చెప్పుచున్నట్లు నాకొక ఊహ పొడమినది గాని, అది సాంతము కాకముందే హారను మ్రోగెను.

పిమ్మట కురుసుర. 1969 మొదలు 2001 వరకు నౌకాదళమున కొలువు చేసి, 1971 యుద్ధకాలమున సముద్రమున గస్తీ తిరిగి, 2002లో ఆర్కే బీచి యొడ్డున ప్రదర్శనశాలయైన ఈ జలాంతర్గామి పొడవు 91 మీటర్లు. డెబ్బదిమందికి పైబడిన నావికులు ఆ ఇరుకున, ఆ యంత్రముల నడుమ, పగలేదో రేయేదో తెలియక దినములు గడపిరి. మేము ఒక కొనను దూరి మరియొక కొనను వెలువడుటకు పండ్రెండు నిముషములు పట్టినది. అందు నాలుగు, గుండ్రని ద్వారమున తల తగిలిన మా పెద్దత్తగారిని ఓదార్చుటలో గతించినవి. లోపల పదవీవిరమణ చేసిన నావికుడొకడు నిలిచి, టార్పెడో గొట్టమును చూపి, అది నిండునప్పుడు నౌకలో నేమి వినబడునో, అట్టివేళ మాటలాడక నిలుచుట ఎట్టిదో చెప్ప నారంభించెను. అతని కంఠస్వరమును బట్టి అది కంఠస్థము చేసిన పాఠము కాదని తెలియుచుండెను. మా తోడల్లుడుగారు అడ్డుపడి "లోపల ఏసీ ఉండేదాండీ?" అని యడిగిరి. అతడు బదులు చెప్పబోవునంతలో మా వెనుకనుండి ఒక పడుచుపిల్ల మిక్కిలి మర్యాదగా "తాతగారూ, కొంచెం పక్కకి జరుగుతారా, ఫోటోలో పడుతున్నారు" అనెను. అతడు జరిగెను. ఆ నౌకలో చూడదగినది ఏదైన నుండిన, అది అప్పుడు ఫోటో వెలుపలికి పోయినది.

కురుసుర కెదుట నున్న విమాన ప్రదర్శనశాల, కైలాసగిరి వేగముగా జరిగిపోయినవి. కైలాసగిరిపై ఆదిదంపతులకు వీపు చూపి నిలుచుటయే నేటి ప్రదక్షిణమని మాత్రము గ్రహించితిని. ఋషికొండ వద్ద పార్కింగు లేదని వ్యాను ఆగలేదు.

తొట్లకొండకు మాకు లభించినవి పది నిముషములు. రాతిలో తొలచిన నీటితొట్లను బట్టి పేరు వచ్చిన ఆ కొండపై రెండువేల యేండ్ల క్రిందట బౌద్ధభిక్షువులు విహారములు కట్టికొని నివసించిరి. ఆ పిమ్మట శతాబ్దములు మరుగుపడిన ఆ స్థలమును 1976లో నౌకాదళమువారు విమానముపైనుండి సర్వే చేయునప్పుడు గుర్తించిరి. వానకాలము వచ్చిన భిక్షువు తిరుగుట మాని ఒక్కచోట నిలువవలెనని వారి నియమము. నెలల తరబడి ఒకే కొండమీద కూర్చుండి ఒకే సముద్రమును చూచిన ఆ మూర్ఖులకు తొమ్మిది పాయింట్ల మహిమ తెలిసియుండినచో బౌద్ధమతము మరింత త్వరితముగా వ్యాపించి యుండెడిదేమో.

"మధ్యతరగతివాడికి దొరికేది ఒక్కరోజు సెలవు. అందులో అన్నీ చూడాలి కదండీ" అని మా తోడల్లుడుగారి వాదము. సెలవు ఒక్కరోజే యనుట సత్యము. దానిని పరిహసించునంతటి శ్రీమంతుడను నేను గాను. కాని ఒక్కరోజు కలవాడు ఒక్కచోటు చూడవలెను గాని తొమ్మిది చూడవలెనను తర్కము ఏ శాస్త్రమునందు కలదో నాకు తెలియదు. ఒక్కపూట భోజనము దొరకినవాడు తొమ్మిది విస్తళ్ల ముందు వరుసగా కూర్చుండి ఒక్కొక్కదానిలో ఒక్కొక్క మెతుకు కొరికి లేచునా?

గాలియు కడలియు వేలయేండ్లు శ్రమించి పేర్చిన ఎర్రమట్టి దిబ్బలను ఎనిమిది నిముషములలో ముగించి భీమిలి చేరితిమి. అచ్చట డచ్చివారి సమాధులు కలవు. ఆనాడు మాకు ఎదురైన వారిలో తీరికగా నున్నవారు వారొక్కరే.

తొమ్మిదవది "ఆర్కే బీచ్‌లో సూర్యాస్తమయం" అని కరపత్రమున ముద్రితమై యుండెను. తూర్పుతీరమున సూర్యుడు సముద్రమునుండి లేచి ఊరి వెనుక క్రుంకునని తెలియని తెలుగువాడుండడు గదా. అయినను అచ్చు పడిన మాటకు గల మహిమ యెట్టిదనిన, మేమందరమును ఫోనులెత్తి తూర్పుముఖముగా వరుసలో నిలిచితిమి. మా వీపుల వెనుక, హోటలు భవనముల ఆవల, ఆ పని నిశ్శబ్దముగా జరిగిపోయినది. కొంతసేపటికి మా తోడల్లుడుగారు "మబ్బు పట్టినట్టుంది" అనిరి.

వ్యానెక్కిన పిమ్మట వారు వ్రేళ్లు మడచి లెక్కించి, ఎనిమిదియే యైనవనియు, ఋషికొండ బీచి ఎగగొట్టినందుకు సొమ్ము తగ్గింపవలెననియు డ్రైవరుతో వాదమునకు దిగిరి. అతడు తాపీగా బీడీ ఆర్పి, "ఏటి సార్, ఎల్లినప్పుడు కుడిపక్క, వచ్చినప్పుడు ఎడంపక్క, దారిపొడుగూతా సముద్రమే కదా. దానికి మళ్లీ దిగడం ఎందుకు?" అనెను. మా తోడల్లుడుగారు క్షణకాల మాలోచించి, న్యాయమే యని తల యూచి, తొమ్మిదవ వ్రేలును మడచిరి.